దుకాణం కొనేముందు నియ్యత్ తేల్చుకోండి



మా మామూ కొడుకు దమ్మామ్ నుంచి చుట్టీ మీద వచ్చాడు. మూడో రోజు దావత్‌కి పిలిచాను. బగారా ఖానా, దాల్చా అయ్యాయి. దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తనే లేదు, సంచిలోంచి ఒక రంగుల కాగితం తీసి నా ముందు పరిచాడు. మధురవాడ అవతల కట్టబోయే ఐదంతస్తుల కమర్షియల్ కాంప్లెక్స్. ముందంతా అద్దాల గోడ, లోపల ఎస్కలేటర్, కింద కాఫీ షాపు బొమ్మ.

"ఆపా, వైజాగ్‌కి గూగుల్ వస్తోంది కదా. ఇప్పుడు 40 లక్షలు కట్టేస్తే 300 అడుగుల షాపు. కట్టడం మొదలుకాకముందు నుంచే నెలకి ఒక శాతం గ్యారంటీ కిరాయి ఇస్తారంట. వచ్చే జుమ్మా దాటితే రేటు పెంచేస్తారంట."

ఆ 40 లక్షలు పదకొండేళ్ల కమాయి. అందులో నాలుగేళ్లు కూతురి మొహం ఫోన్లోనే చూసుకున్నాడు.

"ఏం కొంటున్నావు రా?" అని అడిగాను.

"దుకాణం."

"దుకాణం ఇంకా పుట్టలేదు. నువ్వు కొంటున్నది ఖబర్."

అతనికి కోపం వచ్చింది. మామీ మాట మార్చి ఖుబానీ కా మీఠా తెచ్చి పెట్టింది. ఆ రోజు పూర్తి కాని బాత్ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కాగితం ఈ మధ్య మన ఇళ్లలో చాలా దస్తర్‌ఖాన్ల మీద పరుచుకుంటోందని నాకు తెలుసు.

నేను రియల్ ఎస్టేట్ మనిషిని కాను. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో 22 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. దర్గా కొండ మీంచి చూస్తే ఓడలు లోపలికి రావడం కనిపిస్తుంది, ఎంత పెద్ద ఓడైనా సరే కాగితం లేకుండా అందులోంచి ఒక్క బస్తా బయటికి కదలదు. నాకు వచ్చిన ఇల్మ్ అంతే. దానితోనే మన వాళ్ల దుకాణాల దస్తావేజులు కూడా చదువుతుంటాను. చదివినకొద్దీ తెలిసింది ఒకటే: మన వాళ్లు మోసపోయి పోగొట్టుకున్నదానికంటే, ఎందుకు కొంటున్నామో తేల్చుకోకుండా కొని పోగొట్టుకున్నదే ఎక్కువ.

ఖబర్ల షహర్

మన వైజాగ్‌కి ఖబర్లు కొత్త కాదు. బీచ్ రోడ్డు మీద హార్బర్ పార్క్ దగ్గర లులు మాల్ సంగతి గుర్తు చేసుకోండి. 2018లో శంకుస్థాపన జరిగింది. 2019లో ప్రభుత్వం మారాక ఒప్పందం రద్దయింది. 2025లో కొత్త ప్రభుత్వం మళ్లీ అదే జమీన్ అదే కంపెనీకి ఇచ్చింది. మధ్యలో ఏడేళ్లు. 2018లో ఆ ఖబర్ నమ్మి చుట్టుపక్కల షాపు తీసుకున్నవాడు ఏడేళ్లు ఏం తిన్నాడు?

2019 డిసెంబర్‌లో పరిపాలనా రాజధాని మాట వచ్చింది. 2020లో చట్టం చేశారు, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు, 2024లో ప్రభుత్వం మారడంతో ఆ కహానీ ఖతమ్. ఉక్కు సంగతీ అంతే. 2021 జనవరిలో అమ్మేస్తామన్నారు, గాజువాకలో గుండెలు ఆగినంత పనైంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు, గుండెలు మళ్లీ కొట్టుకున్నాయి. ఈ మధ్యలో 2024లో కార్మికుల జీతాలు విడతలుగా పడిన నెలల్లో గాజువాక కిరాణా కొట్ల ఉద్దర పుస్తకాలు ఎలా నిండాయో అక్కడ దుకాణం ఉన్నవాళ్లని అడగండి.

ఇప్పుడు గూగుల్. 2025 అక్టోబర్‌లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించారు. ఇది చిన్న ఖబర్ కాదు, నిజం కావాలని నేనూ దువా చేస్తున్నాను. కానీ అది ముఖ్యంగా డేటా సెంటర్. డేటా సెంటర్‌కి కావలసింది కరెంటు, నీళ్లు, జమీన్, సముద్రం కింద కేబుల్. కట్టేటప్పుడు వేలమంది కావాలి, కట్టాక లోపల పనిచేసేవాళ్లు ఆ పెట్టుబడితో పోలిస్తే తక్కువే. వినిపిస్తున్న చోట్లు ఆనందపురం దగ్గర తర్లువాడ, అచ్యుతాపురం వైపు రాంబిల్లి లాంటివి. అక్కడి మెషీన్లు మధురవాడ అవతల మీ షాపుకి వచ్చి చెప్పుల జత కొనవు. షాపుకి కావలసింది మనుషులు, చేతిలో జీతం ఉన్న మనుషులు, రోజూ ఆ దారిన నడిచే మనుషులు.

పోర్టు 1933లో మొదలైంది. తర్వాత షిప్‌యార్డ్, రిఫైనరీ, ఉక్కు వచ్చాయి. పూర్ణా మార్కెట్‌లోనో గాజువాకలోనో దుకాణాలు నిలబడ్డాయంటే ఆ గేట్ల నుంచి షిఫ్టు దిగిన జనం సంచి పట్టుకుని అటు వచ్చారు కాబట్టి. ఏ దుకాణానికైనా రిజ్క్ అలాగే వస్తుంది.

మామూ షట్టర్

మామూ ఉక్కులో 31 ఏళ్లు చేసి 2019లో రిటైరయ్యాడు. మరుసటి ఏడాది, రాజధాని ఖబర్ వేడిగా ఉన్నప్పుడు, రిటైర్మెంట్ డబ్బులోంచి 28 లక్షలు తీసి ఉత్తరం వైపు ఒక కాంప్లెక్స్‌లో రెండో అంతస్తులో షాపు బుక్ చేశాడు. ఆ బిల్డర్ దొంగ అని నేను అనను. ఆలస్యంగానైనా కట్టాడు, 2023లో తాళాలు ఇచ్చాడు. షట్టర్ మాత్రం ఇప్పటిదాకా తెరుచుకోలేదు. రెండో అంతస్తుకి మెట్లెక్కి వచ్చే గిరాకీ ఆ చుట్టుపక్కల లేదు. సముద్రపు గాలికి షట్టర్ అడుగు భాగం తుప్పు పట్టింది. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్ మాత్రం టైముకి వస్తున్నాయి. మామీ మోకాలి ఆపరేషన్ రెండేళ్లుగా "షాపు అమ్మాక" అని వాయిదా పడుతోంది.

ఇప్పుడు కాగితం పరిచిన కుర్రాడు ఆ మామూ కొడుకే. "అబ్బా టైమ్ బాగోలేదు, ఈసారి పక్కా" అన్నాడు. టైమ్ కాదు రా. మామూకి ఆ రోజు నియ్యత్ స్పష్టంగా లేదు. కిరాయి కోసమా అంటే కిరాయి అంటాడు, రేటు పెరిగితే అమ్మడానికా అంటే అదీ అంటాడు. రెండూ చేసే షాపు దొరికితే మంచిదే. కానీ కొనేటప్పుడు చూడవలసినవి రెండిటికీ వేరు. కిరాయికైతే ఇవాళ అక్కడ నడిచే జనాన్ని చూడాలి. అమ్మకానికైతే పదేళ్లు ఆ డబ్బు మరిచిపోగల తాకత్ ఉండాలి. మామూకి మొదటిది కావాలి. కొన్నది రెండోది.

మన జకాత్ హిసాబ్ కూడా ఈ నియ్యత్ మీదే నడుస్తుంది. కిరాయికి ఇచ్చే దుకాణమైతే దాని ధర మీద జకాత్ లేదు, కిరాయి డబ్బులో ఏడాది మిగిలినదాని మీద ఉంటుంది. తిరిగి అమ్మే నియ్యత్‌తో కొన్నదైతే అది తిజారత్ సరుకు, ఏటా మార్కెట్ ధర మీద రెండున్నర శాతం. వివరాలు మీ ఉలమాని అడగండి. నేను చెప్పేదేమంటే, ఈ ప్రశ్న మన దీన్ మనల్ని ముందే అడిగింది. మనమే జవాబు ఇవ్వకుండా బుకింగ్ ఫారం మీద దస్తఖత్ పెడుతున్నాం.

హిసాబ్ ఇలా వేయండి

ఒక మిసాల్. షాపు ధర 60 లక్షలు, కిరాయి నెలకి 25,000. అమ్మేవాడు "ఐదు శాతం రాబడి" అంటాడు. ఏడాదికి 3 లక్షలు, 60 లక్షల్లో ఐదు శాతమే, అతని హిసాబ్‌లో తప్పు లేదు. ఇప్పుడు మన హిసాబ్. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. రంగులు, కరెంటు పనులకి 50,000. మీ జేబులోంచి పోయింది 65 లక్షలు. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకోండి, 25,000 పోయింది. పన్ను, మెయింటెనెన్స్, మరమ్మతులు 35,000. మిగిలింది 2,40,000. 65 లక్షల మీద అది 3.7 శాతం కూడా రాదు.

ఇంత తక్కువ వచ్చినా షాపు చెడ్డది కాదు. కిరాయి ఏటా కొంత పెరుగుతుంది, జమీన్ విలువ పెరగొచ్చు. కానీ దీనికోసం తొమ్మిది పది శాతం సూద్ మీద లోన్ తీస్తే? సూద్ హరామ్ అన్న మాట కాసేపు పక్కన పెట్టండి, హిసాబే ఒప్పుకోదు. కిరాయి నాలుగు తెస్తుంటే సూద్ పది తింటుంది. మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేదు. ఆ ఆలోచన ముందుకి తీసుకెళ్లబోమని రిజర్వ్ బ్యాంకు 2017లో తేల్చేసింది. కాబట్టి మనకి ఉన్న దారి ఒకటే, సొంత డబ్బు, లేదా నలుగురు కలిసి పెట్టే డబ్బు. దాని సంగతి కింద చెప్తాను.

ఇక "నెలకి ఒక శాతం గ్యారంటీ కిరాయి." షాపు లేదు, కిరాయిదార్ లేడు, మరి కిరాయి ఎవరిస్తున్నారు? 40 లక్షల మీద నెలకి 40,000 చొప్పున 30 నెలలు ఇచ్చినా 12 లక్షలు. అది నీ 40 లక్షల్లోంచో, నీ తర్వాత బుక్ చేసినవాడి 40 లక్షల్లోంచో వస్తుంది. అసలు మీద ముందే ఖరారు చేసిన రాబడికి మన దగ్గర ఒక పేరుంది. సూద్‌కి షేర్వానీ తొడిగినంత మాత్రాన అది కిరాయి అయిపోదు. "హలాల్ మునాఫా" అన్న మాట నమ్మి మన వాళ్లు ఎంత పోగొట్టుకున్నారో 2018లో హైదరాబాద్ హీరా గోల్డ్ కేసు, 2019లో బెంగళూరు ఐఎంఏ కేసు చూపించాయి. గడ్డం చూసి, టోపీ చూసి, సలామ్ విని డబ్బు ఇవ్వకండి. ముసల్మాన్ అమ్ముతున్నా, ఇంకెవరు అమ్ముతున్నా, కాగితం కాగితమే.

కాగితం లేని సరుకు

కట్టబోయే షాపైతే మొదటి ప్రశ్న: రెరా నంబరు ఉందా? 2016 చట్టం ఇళ్లకే కాదు, వాణిజ్య భవనాలకీ వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లు దాటిన జమీన్ మీదో, ఎనిమిదికి మించిన యూనిట్లతోనో కట్టే ప్రాజెక్టు రెరాలో నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్" అంటే చాలాసార్లు అర్థం "ఇంకా అనుమతి రాలేదు" అనే. ఇంకో మాట. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి బిల్డర్‌కి హక్ లేదు. 40 లక్షలూ ఒకేసారి అడిగినవాడు మొదటి రోజే చట్టం దాటాడు. కొనుగోలుదార్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. అడుగుల లెక్క కార్పెట్ ఏరియాలోనే చెప్పాలి. 300 అడుగులు అని కొని లోపల టేపు పెడితే 190 వచ్చిన షాపులు నేను చూశాను.

కట్టిన షాపైతే ఈసీ తీయండి, 30 ఏళ్లకి తక్కువ కాకుండా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22-ఏ నిషేధిత జాబితా చూడండి. అందులో ప్రభుత్వ జమీన్, దేవాదాయ జమీన్, వక్ఫ్ జమీన్ ఉంటాయి. వైజాగ్‌లో ఇది మరీ ముఖ్యం. సింహాచలం పంచగ్రామాల్లో, అడవివరం, వేపగుంట వైపు, దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవాళ్లు ఈరోజుకీ జమీన్ హక్ కోసం ఇంతెజార్ చేస్తున్నారు. ఆనందపురం, భీమిలి వైపు డీ పట్టా జమీన్లు చేతులు మారి చివరికి అమాయకుడి చేతిలో ఆగిన సందర్భాలు ఉన్నాయి. పేదలకి ఇచ్చిన అసైన్డ్ జమీన్ అమ్మకాన్ని 1977 చట్టమే మనా చేసింది. "అందరూ కొంటున్నారు" అన్నది దస్తావేజు కాదు.

తర్వాత ప్లాను. జీవీఎంసీ ఇచ్చిన ప్లానులో ఆ షాపు నిజంగా షాపేనా, పార్కింగ్‌ని మూసి చేసిందా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా? అది వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ ఉండదు, కడుతుండగా కొంటే ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంత వెడల్పు కాబోతోంది? ఉక్కు నుంచి కొమ్మాది దాకా మెట్రో గీత గీశారు. ఆ గీత వస్తే రేటు పెరుగుతుందని అందరూ చెప్తారు. పిల్లర్లు పడేటప్పుడు షట్టర్ ముందు ఎన్నేళ్లు తవ్వి ఉంచుతారో ఎవరూ చెప్పరు. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక పైనుంచి దూసుకుపోయే బండి కింది దుకాణం దగ్గర ఆగడం లేదు. ఇక అద్దాల గోడ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ షహర్‌లో ఉన్నవాళ్లకి అద్దాల గోడ గురించి నేను చెప్పక్కర్లేదు.

చివరి తహ్‌ఖీఖ్‌కి ఏ ఆఫీసూ అక్కర్లేదు. ఆ షాపు ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర మూడు రోజులు కూర్చోండి, పొద్దున రెండు గంటలు, అసర్ తర్వాత రెండు గంటలు, ఒక ఆదివారం. ఎంతమంది నడిచారు, ఎంతమంది ఆగారు, ఎంతమంది చేతిలో సంచితో బయటికొచ్చారు, రాసుకోండి. పక్క షాపు కిరాయిదార్‌ని కిరాయి ఎంతని అడగండి. చాలావరకు చెప్తాడు. ఓనర్ చెప్పే అంకెకీ అతను చెప్పేదానికీ మధ్య ఎంత తేడా ఉందో అదే మీకు పాఠం.

దస్తావేజులో ఎవరి పేరు

మన ఇళ్లలో ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే ఉన్నాయి. తమ్ముడు గల్ఫ్‌లో, డబ్బు అతనిది. భాయ్ ఇక్కడ, దస్తావేజు భాయ్ పేరు మీద. "అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకు" అంటారు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడం గురించి, గవాహ్‌ల గురించి. కాగితం అడగడం భరోసా లేకపోవడం కాదు.

చట్టం సంగతీ వినండి. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద కొంటే బేనామీ చట్టం కిందికి రావచ్చు. 1988 చట్టాన్ని 2016లో గట్టి చేశారు. సొంత, లెక్క చెప్పగల కమాయితో బీవీ పేరు మీదో పిల్లల పేరు మీదో కొంటే మినహాయింపు ఉంది. అన్నదమ్ముల మధ్య, అక్కాచెల్లెళ్ల మధ్య అయితే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి. ఒక్క పేరే ఉండి రేపు ఆ భాయ్ మాట మారిస్తే, ఆ డబ్బు నాదని కోర్టులో నిలబడటం కష్టం. కాబట్టి డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. హవాలాలో వచ్చిన రూపాయికి గవాహ్ ఉండడు. ఎన్‌ఆర్‌ఐలు కమర్షియల్ ఆస్తి కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. ఊళ్లో ఎవరికైనా పవర్ ఇవ్వాలంటే ఆ ఒక్క షాపుకే స్పెషల్ పవర్ ఇవ్వండి, ఇండియన్ ఎంబసీలో అటెస్ట్ చేయించండి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించండి. ఇంకో జాగ్రత్త. 50 లక్షలు, అంతకుమించిన ఆస్తి కొంటే ధరలో ఒక శాతం టీడీఎస్ పట్టి కట్టే జిమ్మేదారీ కొన్నవాడిదే. అమ్మేవాడు గల్ఫ్‌లో ఉంటున్న ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ లెక్కే వేరు, చాలా ఎక్కువ. ఆడిటర్‌ని అడగకుండా చెక్కు ఇవ్వకండి.

ఆడవాళ్ల మాట. మన షరీఅత్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తి అనేది లేదు, ఎవరి మిల్కియత్ వారిదే. అబ్బా పోయాక దుకాణంలో కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్న బీవీకి ఎనిమిదో వంతు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఖరారైన హక్. కానీ దుకాణం షట్టర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అన్నట్టు నడుస్తోంది. "నీ పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అని చెల్లెలి నోరు మూయిస్తారు. ఇంట్లో అమ్మీ గాజులు అమ్మి డబ్బు కలిపి ఉంటే ఆమె పేరు దస్తావేజులో ఎందుకు లేదు? మెహర్ బాకీ ఉన్నవాళ్లు షాపులో ఒక వాటా రాసి ఆ బాకీ తీర్చుకోవచ్చు కదా.

నలుగురు కలిసి కొంటే, అది ముషారకా. ఎవరు ఎంత పెట్టారో అంతే వాటా దస్తావేజులో రాయించండి. వేరే ఒప్పందంలో ఈ మూడూ రాసుకోండి: కిరాయి ఎలా పంచుకోవాలి, ఒకరు బయటికి పోతానంటే ధర ఎలా కట్టాలి, ఒకరు పోతే వారసుల సంగతేంటి. కొన్న రోజు అందరి మనసులూ బాగుంటాయి, రాసుకోవలసింది ఆ రోజే.

మసీదు దుకాణాల గురించి కూడా ఒక మాట, కొందరికి చేదుగా ఉంటుంది. వక్ఫ్ ఆస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అందరికీ తెలుసు. కానీ తాతల నాటి కిరాయి మీద వక్ఫ్ దుకాణంలో కూర్చుని, దాన్ని ఇంకొకరికి పదింతల కిరాయికి ఇచ్చి, పగ్డీ తీసుకుని, ఆ డబ్బుతో ప్రైవేటు షాపు బుక్ చేసేవాళ్లు మనలోనే ఉన్నారు. అది యతీముల, బేవాల హక్. అందులో బర్కత్ వెతక్కండి.

షాపు ఖాళీగా ఉంటే

మామూలా చాలామంది షట్టర్ మీద "టు లెట్" అని రాసి, ఫోన్ నంబరు పెట్టి, ఇంట్లో కూర్చుంటారు. అది మార్కెటింగ్ కాదు, ఇంతెజార్. ఒక కాగితం మీద రాయండి: లోపలి అడుగులు, షట్టర్ వెడల్పు, పైకప్పు ఎత్తు, కరెంటు ఎంత లోడ్, త్రీ ఫేజా కాదా, నీళ్లు, బాత్‌రూమ్, బండి ఆపే చోటు. ఆ కొలతలకి ఏ ధంధా సరిపోతుందో ఆలోచించండి. రెండో అంతస్తులో కిరాణా నడవదు. ట్యూషన్ సెంటర్, టైలరింగ్ యూనిట్, ఆడిటర్ ఆఫీసు, ఫిజియోథెరపీ నడవొచ్చు. లిఫ్టు లేకపోతే ఫిజియోథెరపీ కూడా నడవదు. ఆ పని చేసేవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి అడగండి. ఫొటోలు పొద్దుటి వెలుతురులో, రోడ్డు కూడా కనిపించేలా తీయండి. మన వాట్సాప్ గ్రూపుల్లోనే తిప్పితే మన వాళ్లే చూస్తారు. ధంధా అందరితో చేయాలి. పేరు విని మనకి ఇల్లు కిరాయికి ఇవ్వని బాధ మనకి తెలుసు. మన షట్టర్ దగ్గర మనం అదే పని చేయకూడదు.

ఐబ్ దాచకండి. వానాకాలం నీళ్లు కారుతాయంటే చెప్పండి, మధ్యాహ్నం బోరు ఆగుతుందంటే చెప్పండి. సరుకు ఐబ్ దాచి అమ్మడం మన దీన్‌లో మనా. పైగా దాచిన ఐబ్ మూడో నెలలో బయటపడుతుంది, కిరాయిదార్ ఆరో నెలలో పోతాడు. మంచి కిరాయిదార్‌కి సామాను పెట్టుకోవడానికి ఒక నెల కిరాయి మాఫ్ చేయండి. వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తానన్నవాడికోసం ఆరు నెలలు షట్టర్ మూసుకుని కూర్చోవడం నుక్సాన్, అది కూడా హిసాబే. లీజు రిజిస్టర్ చేయించండి. డిపాజిట్, ఏటా పెంపు, ఏ ధంధా చేయాలి, ఏది చేయకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇవన్నీ రాయండి. మీ ఏడాది కిరాయి 20 లక్షలు దాటకపోతే మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. కానీ కిరాయిదార్ జీఎస్టీలో ఉన్నవాడైతే 2024 అక్టోబర్ నుంచి చాలా సందర్భాల్లో ఆ పన్ను అతనే కట్టాలి. ముందే మాట్లాడుకోకపోతే కిరాయిలోంచి కోస్తానంటాడు.

ఇంత భయపడితే ఎలా

మామూ కొడుకు ఫోన్‌లో ఇదే అడిగాడు. "ఆపా, ఇలా భయపడితే మనం జిందగీ అంతా కిరాయిదార్లుగానే ఉండాలి. గాజువాక పొలాలుగా ఉన్నప్పుడు కొన్నవాళ్లు, మధురవాడ ఖాళీగా ఉన్నప్పుడు కొన్నవాళ్లు ఈ రోజు సేఠ్‌లు కదా."

నిజమే. కాదనను. ముందు వచ్చినవాడికి ఫాయిదా ఉంది. కానీ వాళ్లలో నిలబడినవాళ్లు జమీన్ కొన్నారు, కాగితం సాఫ్‌గా ఉన్న జమీన్ కొన్నారు, ఇరవై ఏళ్లు దాని వైపు చూడకుండా ఇంకో కమాయితో ఇల్లు నడిపారు. మీకు అలాంటి డబ్బు ఉంటే, కూతురి చదువు, అమ్మీ ఆపరేషన్, మీరు గల్ఫ్ నుంచి వచ్చేశాక రెండేళ్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక ఇంకా మిగిలితే, ఖబర్ మీద కొంత పెట్టండి, నేను ఆపను. తిరిగి వెళ్లడానికి వీసా లేనివాడి చివరి 40 లక్షలు మాత్రం ఖబర్ మీద పెట్టే డబ్బు కాదు. అది ఆ ఇంటి అమానత్.

పోయిన జుమ్మా గడిచిపోయింది. రేటు పెంచలేదు, ఇంకో జుమ్మా దాకా టైమ్ ఇచ్చారని ఫోన్ వచ్చిందట. రెరా నంబరు అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారట. అతను బీవీని తీసుకుని గాజువాక లోపలి రోడ్డులో ఒక షాపు చూసొచ్చాడు. 160 అడుగులు, ఆరేళ్లుగా అందులో మందుల దుకాణం నడుస్తోంది, కిరాయి 14,000. అద్దాల గోడ లేదు, ఎస్కలేటర్ లేదు. ఓనర్ 34 లక్షలు అడుగుతున్నాడు, కొంచెం ఎక్కువే. ఈసీకి పెట్టాడు. ప్లాను కాపీ ఇంకా రాలేదు. కొంటాడో లేదో నాకు తెలియదు. కొంటే దస్తావేజులో బీవీ పేరు కూడా ఉంటుందని మామీ ముందు మాటిచ్చాడు.

మామూ షట్టర్‌కి కూడా పోయిన వారం తుప్పు గీకించి రంగు వేయించాం. పక్క వీధిలో ట్యూషన్ చెప్పే ఒక మాస్టారమ్మ వచ్చి చూసి వెళ్లింది. పైపు కారుతుందని మామూ తనే చెప్పాడు. ఆమె సోమవారం జవాబు చెప్తానంది.